డేన్మార్కు చిత్రకళయందు గృహాభ్యంతర చిత్రములు

ఏ దేశపు చిత్రకళాచరిత్రమును బరిశీలించినను జిత్రకారులు మొదట దేవతలను, తరువాత రాజులను, ఆపైన వీరులను ధనికులను వ్రాసిరని కనఁబడును. ఇంటి లోపలి భాగము ఆ చిత్రములలో లేకపోలేదు. కాని యది కథకు నాధారముగా నుండెడిదే గాని తానే కథయై యుండెడిది కాదు. డేన్మార్కు దేశపు చిత్రకారులు కొందఱు 19వ శతాబ్ది చివరను 20వ శతాబ్ది మొదటను గదినే ప్రధానవిషయముగాఁ గొని చిత్రములు వ్రాసిరి. ఆ గదులలో జరుగు సంగతి యేమియు లేదు. ఒక తలుపు తెఱచి యుండును. ఒక స్త్రీ వెనుదిరిగి నిలుచుండును. కిటికీనుండి వచ్చిన వెలుఁగు నేలపైఁ బడి యుండును. ఇంతియే. ఇట్టి చిత్రములు ఆ చిన్న దేశమున నేల పుట్టినవి? ఏమియు జరుగని చిత్రమునకుఁ గళలో స్థానము కలదా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకుఁ జిత్రకారుల చరిత్రమును మాత్రమే కాక, వారు వసించిన యిండ్లను, వారు వాడిన పనిముట్లను గూడ విచారింపవలసి యున్నది.

కోపెన్‌హాగెన్ నగరమున క్రిస్టియన్స్‌హౌన్ అను పేట యొకటి కలదు. దానిని 17వ శతాబ్ది మొదటి భాగమున నాల్గవ క్రిస్టియను రాజు కట్టించెను. ఈ రాజు తెలుఁగు సాహిత్యచరిత్రము నెఱిఁగినవారికిఁ గేవలము పరాయివాఁడు కాఁడు. 1620లో తంజావూరి రఘునాథనాయకునితో నొడంబడిక చేసికొని తరంగంబాడి రేవును బొందినవారు ఈతని మనుష్యులే. వాల్మీకిచరిత్రమును రచించిన యా రఘునాథుఁడు క్రిస్టియను రాజునకు బంగారుఱేకుపై నరవమున వ్రాయించి పంపిన లేఖ డేన్మార్కు ప్రభుత్వపు దస్తావేజుల భాండాగారమున భద్రముగా నున్నది. తరంగంబాడి 1845లో నాంగ్లేయులకు విక్రయింపఁబడువఱకు డేనుల పాలనమందుండెను. హిందూదేశమునుండియుఁ జీనానుండియు సరకులను దెచ్చిన ఏషియాటిక్ కంపెనీవారి ప్రధానగృహము క్రిస్టియన్స్‌హౌన్ పేటలోని స్ట్రాండ్‌గేడ్, అనఁగా నొడ్డువీథి, యందుండెను. ఈ వ్యాసమునఁ జెప్పఁబోవు చిత్రములలో ముఖ్యమైనవి పెక్కు ఆ వీథిలోని యొక యింటిలోనే పుట్టినవి. దూరదేశముల సంపదతోఁ బెరిగిన వీథియందు, బయటి ప్రపంచమును బూర్తిగా విడిచి గదిగోడలను మాత్రమే చూపు చిత్రములు పుట్టుట గమనింపఁదగిన విషయము.

గృహాభ్యంతర చిత్రణము డేన్మార్కున నాకస్మికముగాఁ బుట్టినది కాదు. అచ్చటి రాజకీయ చిత్రకళాపరిషత్తు 1754లో స్థాపింపఁబడి షార్లొటెన్‌బోర్గ్ భవనమునఁ బని చేయుచుండెను. 1818లో నందు నాచార్యుఁడైన ఎకర్స్‌బెర్గ్ శిష్యులకు రెండు విషయములను గట్టిగా నేర్పెను. మొదటిది, కంటి యెదుట నున్నదానిని శ్రద్ధతోఁ జూడవలయుననుట. రెండవది, దూరదృష్టి నియమములను గణితమువలె నభ్యసింపవలయుననుట. ఈ శిక్షణమువలన గోడకును గోడకును నడుమనున్న కోణము, కిటికీ చట్టపు నీడ, తలుపు పలకల కొలతలు చిత్రకారునకు ముఖ్యములైనవి. మార్టినస్ రోర్‌బీ 1825 ప్రాంతమునఁ దన యింటి కిటికీని వ్రాసెను. కిటికీ గట్టుపైఁ బూలకుండలును, పైనఁ బక్షిపంజరమును, అవతల రేవులో నోడలును గలవు. విల్‌హెల్మ్ బెండ్స్ 1829 ప్రాంతమున అమాలియేగేడ్ వీథిలోని యొక గదిని, అందుఁ దన సోదరుల నిద్దఱను వ్రాసెను. ఈ చిత్రములలో గది యప్పుడే కథానాయకస్థానమునకు సమీపించినది. అయినను నందు మనుష్యులు తమ పనులలో నున్నారు. చూచువానికి వారి వృత్తియు స్వభావమును దెలియుచున్నవి. గది యింకను మనుష్యులదే.

ఈ కాలపు దేశచరిత్రమును జూచి పలువురు విమర్శకులు ఒక కారణమును జెప్పుదురు. 1807లో నాంగ్లేయులు కోపెన్‌హాగెన్ నగరముపై గుండ్లవర్షము గురిపించి యోడలను గొనిపోయిరి. 1813లో డేన్మార్కు ప్రభుత్వము దివాలా తీసెను. 1814లో నార్వే దేశము చేజాఱెను. 1864లోఁ బ్రష్యా ఆస్ట్రియాలతో జరిగిన యుద్ధమున ష్లెస్విగ్, హోల్‌స్టెయిన్ మండలములు పోయెను. ఇట్లు బయట నోడిన జాతి లోపలికిఁ దిరిగి, తన యింటియందుఁ దృప్తిని వెదకికొనెననియు, గృహచిత్రములు దాని ఫలమనియు వారి యభిప్రాయము. ఇది వినుట కింపుగా నున్నది. సత్యాంశము కొంత లేకపోలేదు. కాని దీనినే పూర్ణకారణముగా నంగీకరించుటకు వీలులేదు. ఏలయన, 1864 తరువాత డేనుచిత్రకారులలోఁ బ్రసిద్ధులైన పలువురు ఇంటిలోఁ గూర్చుండలేదు. వారు జట్లండ్ ఉత్తరాగ్రమునఁ గల స్కాగెన్ అను జాలరిపల్లెకుఁ బోయి, సముద్రతీరమున నెండలోను గాలిలోను నిలిచి చిత్రములు వ్రాసిరి. ఒకే పరాజయము కొందఱిని లోపలికిని, కొందఱిని బయటికిని బంపెననుట కారణమును జెప్పుట కాదు. కావున వ్యక్తుల చరిత్రమును జూడవలసి వచ్చుచున్నది.

ఈ చిత్రకారులలో నగ్రగణ్యుఁడు విల్‌హెల్మ్ హామర్స్‌హోయ్. ఇతఁడు 1864 మే 15వ తేదిని, అనఁగా పైనఁ జెప్పిన యుద్ధము జరిగిన సంవత్సరముననే, కోపెన్‌హాగెన్ నగరమున వర్తకుని యింటఁ బుట్టెను. ఎనిమిదవ యేటనే చిత్రలేఖనము నేర్వ మొదలిడెను. తల్లి ఫ్రెడెరికె కుమారుని విద్యయందు మిక్కిలి శ్రద్ధ వహించెను. అతనిగూర్చి పత్రికలలో వచ్చిన ప్రతి విమర్శమును గత్తిరించి పుస్తకములలో నంటించి దాఁచెను. 1879లోఁ బరిషత్తు పాఠశాలలోఁ జేరి, పిదప స్వతంత్రముగా నేర్పఱచఁబడిన విద్యాలయమున క్రోయర్ అను చిత్రకారునియొద్ద నభ్యసించెను. క్రోయర్ స్కాగెన్ తీరపు వెలుఁగును వ్రాసిన ప్రసిద్ధుఁడు. గురువు సముద్రపుటొడ్డున నెండను వ్రాయఁగా, శిష్యుఁడు మూసిన గదిలోని బూడిదవన్నెను వ్రాసెను.

1885లో హామర్స్‌హోయ్ తన చెల్లెలు అన్నా చిత్రమును షార్లొటెన్‌బోర్గ్ ప్రదర్శనమునకుఁ బంపెను. నల్లని యుడుపు ధరించిన యువతి, బూడిదవన్నె గోడ, మూసిన తెల్లతలుపు, ఇవియే యందు గలవు. దానికి నేయ్‌హౌసెన్ బహుమాన మీయుటకుఁ బరీక్షకులు నిరాకరింపఁగా యువచిత్రకారులు పలువురు బహిరంగముగా నాక్షేపించిరి. 1888లో నతఁడు పంపిన, కుట్టుపని చేయుచున్న యువతి చిత్రమును బ్రదర్శనమునకే స్వీకరింపలేదు. ఆ చిత్రమే మఱుసటి సంవత్సరము పారిస్ మహాప్రదర్శనమునఁ జూపఁబడెను. 1890లోఁ బంపిన శయనాగార చిత్రమును గూడఁ ద్రోసిపుచ్చిరి. ఇట్టి తిరస్కారములు పెక్కు జరుగుటచేతఁ జిత్రకారులు 1891లో 'స్వేచ్ఛాప్రదర్శనము' అను పేరఁ దమ స్వంతప్రదర్శనమును నెలకొల్పిరి. నిశ్శబ్దమైన గదులు వ్రాసినవాని చిత్రములు ఇంత కలహమునకుఁ గారణములగుట చూడఁగా, ఆ నిశ్శబ్దమునందు నాఁటి యభిరుచికి విరుద్ధమైనదేదో యుండెనని స్పష్టమగుచున్నది.

ఆ విరోధ మెట్టిది? పరీక్షకులు చిత్రమునందుఁ గథను గోరిరి. ఈ స్త్రీ యెవరు, ఏమి తలఁచుచున్నది, మంచివార్త విన్నదా చెడువార్త విన్నదా, అని చూచువాఁ డూహించుటకు నవకాశముండవలయునని వారి మతము. హామర్స్‌హోయ్ స్త్రీ ముఖమునే చూపకపోయెను. మెడయు, భుజములును, నల్లని యుడుపును మాత్రము కనఁబడును. ముఖము లేనిచో భావ మెట్లు తెలియును? భావము తెలియనిచోఁ జిత్ర మెట్లు పూర్ణమగును? ఇది వారి యాక్షేపము. సంస్కృతాలంకారికులలో నిట్టి వివాద మొకటి జరిగినది. దండి స్వభావోక్తిని మొదటి యలంకారముగాఁ జెప్పెను. కుంతకుఁడు వస్తువు స్వభావము అలంకరింపఁబడునదే కాని యలంకారము కాదని దానిని నిరసించెను. ఉన్నదాని నున్నట్లు చెప్పినచోఁ గవి చేసిన దేమి యని యతని ప్రశ్న. గదిని గదిగా వ్రాసినచోఁ జిత్రకారుఁడు చేసిన దేమి యని కోపెన్‌హాగెన్ పరీక్షకులు వేసిన ప్రశ్నయు నట్టిదే.

ఈ ప్రశ్నకుఁ దగిన సమాధానము హామర్స్‌హోయ్ వసించిన యింటియందే లభించును. 1891లో నతఁడు ఫాల్‌స్టర్ ద్వీపములోని స్టుబ్బెకోబింగ్ పట్టణమునకుఁ జెందిన ఈడా ఇల్‌స్టెడ్ అను యువతిని వివాహమాడెను. 1898లో దంపతులు స్ట్రాండ్‌గేడ్ 30వ సంఖ్యగల ప్రాఁతయింటి మేడపై వాసముండ నారంభించిరి. 1909 వఱకు నచ్చటనే యుండిరి. ఈ పదునొకండు సంవత్సరములలో నా యింటి గదులను అతఁడు 60కిఁ బైగాఁ జిత్రములలో వ్రాసెను. అవే తలుపులు, అవే కిటికీలు, అదే బల్ల, అదే పియానో వాద్యము, అదే యండాకారపు పింగాణిపాత్ర. ఒక చిత్రమున నున్న కుర్చీ వేఱొకదానిలో లేదు. ఒకదానిలోఁ దెఱచిన తలుపు వేఱొకదానిలో మూసి యున్నది. వీనిని బ్రక్కప్రక్కను బెట్టి చూచినవారికిఁ జిత్రకారుఁడు సామానులను జదరంగపు బలములవలె నెప్పటికప్పుడు జరుపుచుండెనని తెలియును. సాధారణ గృహమునఁ గనఁబడు వస్త్రములు, బొమ్మలు, తెరలు, పూలు ఇందు మిక్కిలి తక్కువ. అది నాఁటి యైరోపీయుల యింటియలవాటునకుఁ బూర్తిగా విరుద్ధము. ఆ కాలపు ధనికగృహములు సామానులతోఁ గిక్కిఱిసి యుండెడివి.

1900లో వ్రాసిన చిత్ర మొకటి కోపెన్‌హాగెన్ సమీపమునఁ గల ఓర్డ్రప్‌గార్డ్ చిత్రశాలయందున్నది. కిటికీనుండి వచ్చిన యెండలో ధూళికణములు నర్తించుచున్నవని దానిపేరు. గదిలో మనుష్యుఁడు లేఁడు. సామాను లేదు. చిన్న గాజుపలకల కిటికీ యొకటి, దాని ప్రక్కను దలుపొకటి, ఏటవాలుగాఁ బడిన కిరణములు, నేలపై వాని వెలుఁగు, ఇంతియే విషయము. జాలకమునుండి వచ్చు నెండలోఁ గనఁబడు నా సూక్ష్మరజస్సును భారతీయ శాస్త్రకారులు త్రసరేణువనిరి. మనుస్మృతియం దది కొలతల కాదిగాఁ జెప్పఁబడినది. కంటికిఁ గనఁబడువానిలో నత్యల్పమైన యా వస్తువునే ఈ చిత్రకారుఁడు చిత్రమునకు విషయముగాఁ గొనెను. అయితే ఈ చిత్రమును నిదానముగాఁ బరికించినచో నొక వింత కనఁబడును. తలుపునకుఁ బిడి లేదు. ఆ తలుపును దెఱచుట కుపాయము చూపఁబడలేదు. చిత్రకారుఁడు దానిని మఱచెననుట పొసఁగదు. తలుపు పలకల యంచులను గూడ నంత శ్రద్ధతో వ్రాసినవాఁడు పిడిని మఱచునా? తలుపును జొచ్చిపోవు మార్గముగాఁ గాక గోడలో నొక దీర్ఘచతురస్రముగాఁ జూపఁదలఁచి పిడిని విడిచెనని యూహించుటయే యుక్తము.

దీనివలనఁ బై యాక్షేపమునకు సమాధానము లభించుచున్నది. హామర్స్‌హోయ్ గదిని ఉన్నది ఉన్నట్లు వ్రాయలేదు. మొదట సామానులను దీసివేసి గదిని మార్చెను. తరువాతఁ జిత్రమున మిగిలినదానినిగూడఁ దగ్గించెను. రంగులను దగ్గించి బూడిదవన్నె, తెలుపు, నలుపు, కొంచెము గోధుమవన్నె మాత్రము వాడెను. 1907లో నొక పత్రికవారడుగఁగా, తానొక విషయమును ఎన్నుకొనునపుడు మొదటఁ జూచునది గీఁతలనియు, వెలుఁగుకూడ ముఖ్యమే యైనను గీఁతలకే తా నెక్కువ ప్రాధాన్య మిత్తుననియు నతఁడు చెప్పెను. ప్రాఁతగదులు మనుష్యులు లేనపుడుకూడ, బహుశః లేనపుడే, సుందరములుగా నుండునని యతని తలంపు. కావున నిది స్వభావోక్తి కాదు. విడుచుటయే ఇతని యలంకారము. ఏది చెప్పక మానవలయునో యెఱుఁగుట కవికెంత యవసరమో చిత్రకారునకు నంతయే యవసరము.

ఇతఁడు 17వ శతాబ్దిని జీవించిన హాలండు చిత్రకారుల ననుకరించెనని కొందఱందురు. 1887లో హామర్స్‌హోయ్ హాలండు, బెల్జియం దేశములకుఁ బోయెను. వెర్మీర్, పీటర్ ది హోఖ్ అనువారు కిటికీ వెలుఁగులో నిలిచిన స్త్రీలను, గదివెనుక గదిని జూపు తలుపులను వ్రాసినవారు. చిరకాలము మఱుఁగుపడియున్న వెర్మీరు కీర్తిని 1866లో థోరే అను ఫ్రెంచి విమర్శకుఁడు వెలికిఁ దెచ్చెను. కావున డేనుచిత్రకారులు వారి నెఱిఁగి యుండిరనుటలో సందేహము లేదు. కాని పోలికతోపాటు భేదమునుగూడఁ జూడవలయును. వెర్మీరు స్త్రీ పాలు పోయుచుండును, ఉత్తరము చదువుచుండును, ముత్యములను దూఁచుటకుఁ ద్రాసు పట్టియుండును. ఆమె ముఖముపై వెలుఁగు పడుచుండును. గోడపై నున్న పటము గూఢార్థమును సూచించును. హామర్స్‌హోయ్ చిత్రములలో నిట్టి సూచనలు లేవు. హాలండు చిత్రమునఁ దలుపు తెఱచినచో వీథియో, పెరడో, మఱియొక మనుష్యుఁడో కనఁబడును. ఇచ్చటఁ దలుపు తెఱచినచో వేఱొక తలుపు కనఁబడును. 1905లో వ్రాసిన తెఱచిన తలుపుల చిత్రమున ఇట్లు తలుపు వెనుకఁ దలుపు చూపఁబడినదే కాని కడపట మనుష్యుఁ డెవ్వఁడును లేఁడు.

ఈ చిత్రములలోని స్త్రీనిగూర్చి కొంత చెప్పవలయును. ఆమె పెక్కుచోట్ల చిత్రకారుని భార్య ఈడా. ఆమె పళ్లెము పట్టుకొనును, కుట్టును, చదువును, ఊరక నిలుచుండును. ఆమె యెదుటినుండి కనఁబడునపుడుకూడఁ జూపు వేఱెచ్చటనో నిలిచి యుండును. గృహిణీధర్మమును బ్రశంసించు చిత్రములుగా వీనిని భావించుట సరికాదు. అట్టి చిత్రములలోఁ బిల్లలు, భోజనము, పొయ్యి, అతిథులు ఉందురు. ఇందవి లేవు. మఱి యామె దుఃఖమును జూపుటకే వ్రాసెననుటకును ఆధారము లేదు. చిత్రమునందున్నది వెనుదిరిగిన యొక మనుష్యవ్యక్తి. ఆమె తలఁపులు ఆమెవే యని చిత్రకారుఁ డంగీకరించినట్లు కనఁబడును. చూచువానికి వానిని దెలిసికొను నధికార మీయలేదు. ఈ మర్యాదయే కొందఱికిఁ గాఠిన్యముగాను, కొందఱికి నాదరముగాను దోఁచినది. శాంతమును రసముగా నంగీకరింపవచ్చునా యను చర్చలో, చేష్టలన్నియు నుడిగినచోఁ బ్రదర్శించుట యెట్లని యాక్షేపము కలిగినది. అభినవగుప్తుఁడు శాంతమును సమర్థించెను. డేనుచిత్రకారులకీ చర్చ తెలియదు. అయినను చేష్ట యుడిగిన స్థితిని జూపుట సాధ్యమే యనుటకు వారి చిత్రములు ప్రత్యక్షనిదర్శనములు.

హామర్స్‌హోయ్ చిత్రములు తైలవర్ణములతో వ్రాసినవి. వానిని గొనఁగలవారు కొలఁదిమంది. ఈ గృహాభ్యంతరదృష్టిని ముద్రాచిత్రములద్వారా వ్యాపింపఁజేసినవాఁడు పీటర్ ఇల్‌స్టెడ్. ఇతఁడు ఈడాకు సోదరుఁడు, హామర్స్‌హోయ్‌కు బావమఱఁది. 1861లో లోలండ్ ద్వీపమునందలి సాక్స్‌కోబింగ్ పట్టణమునఁ బుట్టి 1933లో మరణించెను. తైలచిత్రములు వ్రాయుటయందుఁ బేరుపొందిన పిమ్మట, 20వ శతాబ్ది మొదటి దశాబ్ది ముగియు కాలమున నితఁడు మెజ్జోటింట్ అను ముద్రణపద్ధతి నవలంబించెను.

ఈ పద్ధతిని 1642లో లుడ్విగ్ ఫాన్ సీగెన్ అను జర్మనుఁడు మొదట వెలువరించెను. తరువాత రూపర్టు రాజకుమారుఁడు దానిని బెంపొందించెను. 18వ శతాబ్దిని ఇంగ్లండున రూపచిత్రములకుఁ బ్రతులు తీయుటలో నిది మిక్కిలి వ్యాప్తి చెందెను. ఫోటోగ్రాఫు వచ్చిన పిదప నిట్టి ప్రతులతోఁ బనిలేక పద్ధతి క్షీణించెను. దీని స్వభావ మిట్టిది. మొదట నున్నని రాగిఱేకును దీసికొని, అర్ధచంద్రాకారమున సన్నని పండ్లుగల యుక్కు పనిముట్టుతో నన్ని దిక్కులను మాటిమాటికి నూఁచి ఱేకు నంతను గఱకుగాఁ జేయుదురు. ఈ పనికి మిక్కిలి యోపిక కావలయును. అప్పుడు ఱేకుపై లెక్కలేని సూక్ష్మమైన మొనలు లేచును. ఆ స్థితిలో సిరా పూసి యచ్చొత్తినచోఁ గాగితమంతయు మఖమలువలె దట్టమైన నలుపుగాఁ బడును. చిత్రకారుఁడు పిదప గీఁకెడు కత్తితోను మెఱుఁగుపెట్టు పనిముట్టుతోను, వెలుఁగు కావలసిన చోట్ల నా మొనలను నణఁచును. ఎంత నున్నగాఁ జేసిన నంత తెలుపు వచ్చును. తక్కిన లేఖనములలోఁ జిత్రకారుఁడు తెల్లని తలముపై నల్లని గీఁత గీఁయును. ఇందు నతఁడు చీఁకటితో నారంభించి క్రమక్రమముగా వెలుఁగును బైకిఁ దీయును.

గృహాభ్యంతర చిత్రములకీ పద్ధతి యెంత తగినదో దీనినిబట్టియే తెలియును. గదియందలి వెలుఁగు కిటికీయొద్ద నెక్కువయై, గోడవెంట సన్నగిల్లి, మూలయందు నీడలో గలసిపోవును. దీనికిఁ జుట్టుగీఁత లేదు. గీఁతలతోఁ జేయు ముద్రణములో నిట్టి క్రమక్షయమును జూపుట కష్టము. మెజ్జోటింటున నది సహజముగా లభించును. ఇల్‌స్టెడ్ దీనికి వర్ణములనుగూడఁ జేర్చెను. ఒకే ఱేకుపై నాయాచోట్ల వేర్వేఱు రంగుల సిరాలను జిన్న గుడ్డముద్దలతో నద్ది యొక్కసారిగా నచ్చొత్తుట యొక విధానము. ఇందుఁ బ్రతి ప్రతికిని రంగులను మరల నద్దవలయును. కావున నేరెండు ప్రతులును సరిగా నొక్కటిగా నుండవు. రాగిమొనలు త్వరగా నరుగుటచే మంచి ప్రతులు కొన్నియే వచ్చును. అందుచేత ముద్రాచిత్రమయ్యును నిది చేతిపనియొక్క విశేషమును గోల్పోలేదు. ఇల్‌స్టెడ్ సంతకముతో వెలువడిన యీ ప్రతులు డేన్మార్కుననే కాక పరదేశములందును గొనఁబడెను.

విషయములోను ఇతనికిని బావకును భేదము కలదు. ఇల్‌స్టెడ్ గదులలోఁ బిల్లలు కలరు. చిన్న బాలిక కిటికీయొద్దఁ గుట్టుచుండును, చదువుచుండును, తలుపు వెంటఁ జూచుచుండును. ఎండ పసుపువన్నెతో నేలపైఁ బడును. గదిలో నిత్యజీవనము జరుగుచున్న జాడ కలదు. ఈ కూటమిలో మూఁడవవాఁడు కార్ల్ హోల్సో. 1863లో ఆర్హుస్ పట్టణమున శిల్పశాస్త్రజ్ఞుని యింటఁ బుట్టి, పరిషత్తునందును క్రోయర్ యొద్దను నభ్యసించి, 1935లో మరణించెను. ఇతఁడు మెఱుఁగుపెట్టిన బల్లలను, వెండిపాత్రలను, పండ్లను, పూలను బ్రీతితో వ్రాసెను. వస్తువులపై వెలుఁగు ప్రతిఫలించు తీరే ఇతనికి ముఖ్యము. మువ్వురు నొకే నగరమున నొకే కాలమున నొకే విషయమును గొనిరి. హోల్సో గదియం దుండవలసినదాని నుంచెను. ఇల్‌స్టెడ్ గదియందు మనుష్యుల నుంచెను. హామర్స్‌హోయ్ గదినే యుంచెను.

ఇంటిలోపలి చిత్రమనఁగాఁ దప్పక బూడిదవన్నెయే యనుకొనరాదు. స్కాగెన్ పల్లెయందే పుట్టిపెరిగిన అన్నా అంకర్ అను చిత్రకర్త్రి 1891లో నీలపు గదిలోని యెండను వ్రాసెను. ఆమె కూఁతురు హెల్గా వెనుదిరిగి కూర్చుండి పనిచేసికొనుచున్నది. కిటికీ ఛాయ నీలపు గోడపై బంగారువన్నెతోఁ బడినది. ముఖము కనఁబడదు, కథయు లేదు. అయినను జిత్రమంతయు వెచ్చఁదనముతో నిండి యున్నది. బహిర్దేశచిత్రములకుఁ బేరుపడిన స్కాగెన్‌లోనే యిట్టి గది వ్రాయఁబడుట, పరాజయమే గృహచిత్రములకుఁ గారణమను వాదమును మఱింత బలహీనపఱచుచున్నది. లోపలికిఁ దిరుగుట భయముచేతనే కానక్కఱలేదు. వెలుఁగును బరీక్షించుటకు గది కంటెఁ దగిన ప్రయోగశాల లేదు. బయట వెలుఁగు క్షణక్షణము మాఱును. గదిలో నొక కిటికీయే వెలుఁగునకు మార్గము, ఒక గోడయే దానికి ఫలకము. దీర్ఘమైన చలికాలమును, క్రిందుగాఁ బయనించు సూర్యుఁడును గల యుత్తరదేశమున నెండ గదిలోనికి వచ్చుటయే యొక విశేషము.

పరిషత్తు తిరస్కరించినను హామర్స్‌హోయ్‌కు నాదరించినవారు లేకపోలేదు. ఆల్‌ఫ్రెడ్ బ్రామ్సెన్ అను దంతవైద్యుఁడు అతని చిత్రములను బెక్కింటిని గొని, వాని పట్టికను సిద్ధపఱచెను. అన్నా చిత్రము పొగాకు వర్తకుఁడైన హిర్ష్‌స్ప్రుంగ్ సేకరించిన చిత్రములతో నున్నది. ఇంప్రెషనిస్టులను సమర్థించిన టెయోడోర్ డ్యురే 1890లోఁ గోపెన్‌హాగెన్ వచ్చి ఇతని ప్రతిభను గుఱుతించెను. జర్మను కవి రిల్కే 1904లో నితనిని దర్శించి, వ్యాసమొకటి వ్రాయఁదలఁచెను గాని వ్రాయలేదు. 1911లో రోము నగరపు సార్వజాతీయ ప్రదర్శనమున నితనికి బహుమానము లభించెను. ఇట్లు మొదట నాదరించినవారు పరిషత్పండితులు కారు. దంతవైద్యుఁడు, వర్తకుఁడు, పరదేశపు విమర్శకుఁడు, కవి ఇట్టివారే.

1909లో స్ట్రాండ్‌గేడ్ 30వ యిల్లు విడువవలసి వచ్చెను. వేఱుచోట్లఁ గొన్ని సంవత్సరములు గడపి 1913లో దంపతులు మరల నా వీథికే, ఏషియాటిక్ కంపెనీకిఁ జెందిన 25వ సంఖ్యగల ప్రాఁతభవనమునకు వచ్చిరి. ఆ భవనమును హామర్స్‌హోయ్ అంతకుముందే బయటనుండి పలుమాఱులు వ్రాసి యుండెను. 1916 ఫిబ్రవరి 13వ తేదిని గొంతుపుండుతో నతఁడు మరణించెను. ఏఁబదిరెండేండ్లైనను నిండలేదు. తరువాతి తరమువారు తీవ్రవర్ణములను, నూతనరూపములను గోరుటచే నతని పేరు చాలకాలము మఱుఁగుపడెను. 1988లో పౌల్ వాడ్ రచించిన విపులగ్రంథమును, 1997, 1998 సంవత్సరములలోఁ బారిస్, న్యూయార్కు నగరములందును, 2008లో లండనునందును జరిగిన ప్రదర్శనములును నతని కీర్తిని బునరుద్ధరించినవి.

ఇంతవఱకుఁ జేసిన విచారమువలనఁ దేలిన దిది. డేన్మార్కు గృహాభ్యంతర చిత్రములు పరాజితజాతి నిట్టూర్పులు మాత్రమే కావు. హాలండు చిత్రములకుఁ బ్రతిబింబములును గావు. ఎకర్స్‌బెర్గ్ నేర్పిన గణితదృష్టి, ఉత్తరదేశపు పలుచని యెండ, వర్తకులకాలమున వెడల్పైన కిటికీలతోఁ గట్టిన ప్రాఁతయిండ్లు, చీఁకటినుండి వెలుఁగును దీయు రాగిఱేకు పనిముట్లు, వీనితోడ విడువవలసినదానిని విడువఁగల యొక చిత్రకారుని ధైర్యము కలిసి వానికిఁ గారణములైనవి. ఏమియు జరుగని చిత్రమునకుఁ గళలో స్థానము కలదా యను ప్రశ్నకు 1888 నాఁటి పరీక్షకులు లేదని యుత్తర మిచ్చిరి. వారు త్రోసిపుచ్చిన యా కుట్టుపని యువతి ఓర్డ్రప్‌గార్డ్ గోడపై, ధూళికణములు నర్తించు గదితోపాటు, తల వంచికొని తన పని తాను జేసికొనుచునే యున్నది.